నీడ పడని రాయి

ఆ మధ్యాహ్నం హిందూపురంలో గాలి తప్ప మరేదీ తొందరలో లేదు. రైల్వేస్టేషను రోడ్డులో, మందుల దుకాణం పైనున్న గదిలో, నీలావతి కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉంది. కొత్తవాళ్ళు చూస్తే నిద్రపోతోందనుకుంటారు. ఆమె సహాయకుడు తిరుపాల్ మాత్రం అలాంటి సమయాల్లో కాగితం కూడా చప్పుడు కానివ్వడు. నీలావతి బెంగళూరులో ఒక బీమా కంపెనీలో చాలా ఏళ్ళు దొంగ క్లెయిములు పట్టుకుని, విసుగు పుట్టి సొంత ఊరికి వచ్చి ఈ డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచింది. పత్రికలకు ఫోటోలు తీసుకునే తిరుపాల్ ఒకసారి ఆమెతో ఒక కేసుకు వెళ్ళాడు. మళ్ళీ పత్రికల వైపు వెళ్ళలేదు.

గోడకు ఒకే ఒక్క పటం ఉంది. పట్టుగూటి ఎక్స్‌రే అది. గూడు అల్లిన ఒక్కొక్క దారమూ, లోపల ముడుచుకుని పడుకున్న పురుగు రెక్కల మడతలూ పొగమంచులో గీసినట్టు కనిపిస్తాయి. ఎండ తగ్గాక దాన్ని చూస్తుంటే ఆ పురుగు ఊపిరి తీస్తున్నట్టే ఉంటుందని తిరుపాల్ అంటాడు.

2003 జూన్ చివరి రోజులు. తలుపు సందులోంచి గాలితో పాటు ఒక నడివయసు స్త్రీ లోపలికి వచ్చి, కూర్చోకుండా నిలబడింది. ఆమె వేళ్ళ కొసలకు ఎర్రటి మరకలున్నాయి.

“తప్పిపోయినవి ఈడ వెతికిస్తారంట గదమ్మా” అంది.

నీలావతి కళ్ళు తెరిచింది. “ఏం పోయింది?”

“పోయింది నాది కాదు. వేరేవాళ్ళ ఇంట్లో రాయి పోయింది. నాకు పోయింది నా కొడుకు.”

ఆమె పేరు మాబున్నీ. పెనుకొండలో లక్కగాజులు చేస్తుంది. కొడుకు రహీమ్ కూడా అదే పని. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే జయలక్ష్మమ్మ ఇంట్లో మనవరాలు హరిత పెళ్ళి జరిగింది. పెళ్ళికి ముందురోజు తల్లీకొడుకులు ఆ ఇంటికి వెళ్ళి, నట్టింటి ముంగిట్లో కుంపటి పెట్టి, పెళ్ళికూతురి చేతి కొలతకు గాజులు చేశారు. ఆ ఇంటి ఆచారం ప్రకారం పెద్దలు ఒక్కొక్కరూ మెత్తగా ఉన్న లక్కలో ఒక్కో అద్దం బిళ్ళ ఒత్తి దీవించారు. పక్కనే దీపం ముందు వెండి గిన్నెలో ఆ ఇంటి వజ్రం పెట్టారు. చెక్కని రాయి, కందిగింజ కంటే కొంచెం పెద్దది. జయలక్ష్మమ్మ భర్త బతికున్నప్పుడు వాన వెలిసిన చేనులో దొరికిందట. మరుసటి రోజు పెళ్ళయ్యాక మనవరాలికిద్దామని పెట్టె తెరిస్తే, పసుపుగుడ్డ ఉంది గానీ రాయి లేదు.

“బయటోళ్ళం మేమిద్దరమే” అంది మాబున్నీ. “వాణ్ణి పట్టుకపోయినారు. జామీను పడేవాళ్ళు ఎవురూ లేరు. నెల దాటిపాయ. ఇప్పుడు నన్ను ఏ ఇంటికీ గాజులకు పిలవడం లేదు. అది పోనీలేమ్మా. వాడు సబ్‌జైల్లో గోడ పక్కకు తిరుక్కొని కూర్చుంటాడంట. నేను పోతే గూడా తిరగడు.”

“లక్కలో కలిసిపోయిందేమో చూశారా?”

“చూసినారు. పెండ్లికూతురు గాజులన్నీ తీయించి ఆసుపత్రిలో ఎక్స్‌రే పట్టించినారు. మా ఇంట్లో లక్కముద్దలు గూడా. అద్దాలు కనపడినాయి, రాయి కనపల్లేదు. అంటే రహీమే యాడో అమ్మేసినాడని తేల్చినారు.”

నీలావతి కిటికీ వైపు తిరిగింది. బయట ఎవరి పంచెనో గాలి తీగ మీంచి లాక్కుపోతోంది.

“రేపు ధర్మవరం పోదాం తిరుపాల్. దారిలో వీళ్ళ ఇల్లు కూడా చూద్దాం” అంది.

మాబున్నీ ఇల్లు పెనుకొండ కోట కొండకింద ఉంది. బస్సు దిగేసరికి కొండ మీద మబ్బు నీడలు ఒకదాని వెంట ఒకటి పాకుతూ దిగుతున్నాయి. ఇంట్లో చల్లారిన కుంపటి పక్కన లక్కముద్దలు, రంగుడబ్బాలు, అద్దం బిళ్ళల పొట్లాలు అలాగే ఉన్నాయి. సగం చుట్టిన గాజు ఒకటి కర్రకు అంటుకుని గట్టిపడిపోయింది. అది రహీమ్ చేస్తూ వదిలేసినదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

నీలావతి ఒక లక్కముద్ద చేతిలోకి తీసుకుని బరువు చూసింది. “ఇందులో ఏం కలుపుతావు?”

“సుద్దపొడమ్మా. వట్టి లక్కైతే పెళుసు, విరిగిపోతాది. సుద్దపొడి బాగా కలిపి మెదిపితే గట్టిగా ఉంటాది, రంగు గూడా పట్టుకుంటాది.”

“ఆ రోజు అద్దాలు ఎవరెవరు ఒత్తినారు?”

“ముగ్గురమ్మా. జయలక్ష్మమ్మవ్వ చందమామ బిళ్ళ ఒత్తింది. ఆయమ్మ కొడుకు తిమ్మరాజయ్య నలపలకల బిళ్ళ. ఆయన భార్య రాణెమ్మ గుండ్రటిది. తలా ఒక గాజు. ముగ్గురూ ఒత్తినాక నేను మళ్ళా కర్ర మీద దొర్లించి నున్నగా చేసినా. తిమ్మరాజయ్యది అయితే రెండుసార్లు దొర్లించాల్సి వచ్చింది. లక్క బాగా లోపలికి పోయేటట్టు ఒత్తినాడు. మెల్లగా అయ్యా, కాల్తాది అన్నా. వినలే.”

“వెండి గిన్నె లోపలికి తీసుకుపోయింది ఎవరు?”

“రాణెమ్మ. పసుపుగుడ్డ చుట్టి, ఆయమ్మే పెట్టెలో పెట్టింది.”

తిరుపాల్ నీలావతి వైపు చూశాడు. ఆమె లక్కముద్దను రుమాలులో చుట్టుకుంటోంది.

ధర్మవరంలో ఆ వీధంతా మగ్గాల చప్పుడు. ఒక చప్పుడు ఆగితే ఇంకొకటి అందుకుంటుంది. కాసేపు వింటే ఊరంతా ఒకే నిద్రలో గుండె కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. జయలక్ష్మమ్మ ఇల్లు పాతది, పెద్దది. ముంగిట్లో పైకప్పు తెరిచిన చోట నీళ్ళు నింపిన ఇత్తడి గంగాళం ఉంది. ఆమె దాని పక్కనే మంచం మీద కూర్చుని ఉంది. పెద్దకొడుకు పోయాడు. హరిత ఆ కొడుకు బిడ్డ. చిన్నకొడుకు తిమ్మరాజు అంగడి చూసుకుంటాడు.

“ఆ తురకామె పంపించిందా మిమ్మల్ని?” అంది జయలక్ష్మమ్మ. కోపం కంటే అలసట ఎక్కువ ఉంది ఆ గొంతులో.

“అవునమ్మా. కానీ రాయి దొరికితే మీకే కదా వచ్చేది. ఆ రాయి సంగతి చెప్పండి.”

ఆమె ముఖం మెల్లగా మారిపోయింది. “ఆ పొద్దు వాన ఎలిసి ఎండ కాస్తాండాది. మా ఆయన చేన్లోకి పోయినాడు. ఈ తిమ్మరాజు చిన్నోడు, ఎనకెనకే పాయ. పొద్దు గూకే యాళకు గుప్పిట మూసుకొని వచ్చినాడు మా ఆయన. తెరిస్తే ఇల్లంతా ఎలుతురు పడినట్టు ఉన్నింది నాకు. ఆయన పోతా పోతా, ఇది ఇంటి ఆడబిడ్డకే పోవాల అన్నాడు. అందుకే హరితకు.”

“నిజమైన వజ్రమేనని ఎవరైనా చూశారా?”

“రెండేండ్ల కిందట తిమ్మరాజు బెంగళూరికి తీసుకపోయి చూపించుకోనొచ్చినాడు. ఒక గాజురాయి, మన రాయి, రెండూ పక్కపక్కన పెట్టి ఏందో పటం తీసినారంట. గాజురాయి పడిందంట గానీ మనది జాడే పడలేదంట. దేవుని రాయి గదమ్మా, పటంలో యాడ పడతాది అనుకున్నా నేను.”

నీలావతి ఆ మాట రాసుకోమని తిరుపాల్‌కు సైగ చేసింది.

తిమ్మరాజు అంగడి నుంచి వచ్చాడు. యాభైకి దగ్గరగా ఉంటాడు. మెత్తటి మనిషి, మాట కూడా మెత్తన. కూర్చోమని తానే కుర్చీలు వేశాడు.

“పిల్లోడు చెడ్డోడని నేను అనడం లేదు మేడమ్” అన్నాడు. “వయసు అట్లాంటిది. కంటి ముందర అట్లాంటి రాయి ఉంటే ఎవురికైనా మనసు పోతాది.”

“గాజులు ఎక్స్‌రే తీయించాలన్న ఆలోచన ఎవరిది?”

“నాదే. ఎస్సై గారు గాజులు పగలగొట్టి చూద్దామన్నాడు. అక్షింతలు పడిన గాజులు సార్, పగలగొడితే కొత్త పెండ్లికూతురికి అరిష్టం, మా అమ్మ తట్టుకోలేదు అని చెప్పినా. నేనే దగ్గరుండి ఎక్స్‌రే పట్టించినా. ఇంక ఎవురికీ ఏ అనుమానమూ ఉండకూడదని.”

“మంచి పని చేశారు” అంది నీలావతి.

తిమ్మరాజు భార్య రాణి కాఫీ తెచ్చింది. గిన్నె తీసుకుపోయింది తానేనని ఆమెకు తెలుసు. అందరూ తన చేతుల వైపే చూస్తున్నారని కూడా తెలుసు. గ్లాసులు ఇచ్చి, చేతులు కొంగు కింద దాచుకుంది.

“గుడ్డ చుట్టేటప్పుడు రాయి చూశావా రాణీ?”

“చూడలేదక్కా. గిన్నెలో పసుపుగుడ్డ మడిచే ఉన్నింది. అట్లే తీసుకపోయి పెట్టినా. విప్పి చూడాలని తోచలే.” ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. “అప్పటికే మడిచినారంటే లోపల ఉన్నిందో లేదో నాకెట్ల తెలుస్తాది?”

“హరిత ఎప్పుడు వస్తుంది?”

“ఆషాఢం గదా, రెండు మూడు రోజుల్లో పుట్టింటికి పిలుచుకోనొస్తాం. మా ఇంటాయన అప్పుడే కొత్త గాజులు గూడా తెచ్చిపెట్టినాడు. రాంగానే ఆ లక్కవి తీసేసి ఇవి వేసుకోవాలంట.” ఇంత దుఃఖంలోనూ రాణికి చిన్న నవ్వు వచ్చింది. “పెండ్లయినప్పట్నించి నాకు ఒక జత గాజులు తెచ్చింది లేదు ఆయన.”

వెళ్ళబోతూ నీలావతి గంగాళం దగ్గర ఆగిపోయింది. పైనుంచి ఎండ నీళ్ళ మీద పడుతోంది. గాలికి నీళ్ళు కదిలినప్పుడల్లా గంగాళం అడుగున వెలుతురు గీతలు వలలా విప్పుకుంటూ, ముడుచుకుంటూ ఉన్నాయి. ఆమె ఎంతసేపు అలా నిలబడిందో తిరుపాల్‌కు తెలియలేదు. మగ్గాల చప్పుడు కూడా దూరమైనట్టనిపించింది.

“ఏం చూస్తాండారు మేడమ్?”

“నీళ్ళకు నీడ ఉండదు తిరుపాల్. అవి వెలుతురును మింగవు, అందుకే. అయినా అడుగున గీతలు పడుతున్నాయి చూడు. మింగలేదు గానీ వంచినాయి. వంగిన వెలుతురు ఒకచోట పోగవుతుంది, ఇంకోచోట పలచబడుతుంది. ఎక్స్‌రేలో కనపడకపోతే లేదని ఎట్లా అనుకున్నారు వీళ్ళు?”

ఆ సాయంత్రమే హిందూపురంలో హరిత అత్తవారింటికి వెళ్ళారు. సన్నటి పిల్ల, ఇంకా కొత్త ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియనట్టు గోడ వారగా నిలబడుతుంది. విషయమంతా విని, రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది.

“రహీమ్ నా చెయ్యి కొలిచేటప్పుడు దారం గూడా తగలకుండా కొలిచినాడక్కా. ఆ మనిషి దొంగంటే నాకు మొదటినుంచీ నమ్మకం కలగలే. చెప్తే ఎవురూ వినలే” అంది. “మా అవ్వ పగలగొట్టొద్దంది, నిప్పుకు చూపొద్దంది. తీయొద్దని అనలేదు గదా.”

ఆమె పచ్చటి మట్టిగాజులు వేసుకుని, లక్కగాజులు ఒక్కొక్కటిగా జార్చి నీలావతి చేతిలో పెట్టింది. తన దగ్గర లేవని పుట్టింట్లో ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది.

రిహానాది గోరంట్ల. బెంగళూరులో ఒక పరిశోధనశాలలో ఎక్స్‌రేల మీద పనిచేస్తుంది. ఏడాది కిందట ఆమె అడిగితే నీలావతి హిందూపురం మార్కెట్టు నుంచి పట్టుగూళ్ళు కొని పంపింది. ఆఫీసు గోడ మీది పటం ఆమె ఇచ్చినదే.

మరుసటి రోజు నీలావతి, తిరుపాల్ గాజులు పట్టుకుని వెళ్ళిన ఆమె ప్రయోగశాల గదిలో కిటికీలు లేవు. పొడవాటి బల్ల, ఒక చివర సీసపు పెట్టె, ఇంకో చివర ఫిల్ము చట్రం. లోపలికి అడుగు పెట్టగానే బయట ఊరొకటి ఉందన్న సంగతే మర్చిపోయేట్టు ఉంది. రిహానా గాజులన్నీ ఒక్కొక్కటిగా దూదిలో నిలబెట్టింది.

“ఆసుపత్రి ఎక్స్‌రే ఒక్కటే అడుగుతుంది తిరుపాలన్నా” అందామె పని చేసుకుంటూనే. “నన్ను ఎంత మింగినావు అని. ఎముక ఎక్కువ మింగుతుంది, తెల్లగా పడుతుంది. కండ తక్కువ మింగుతుంది. రెండు వస్తువులు సమానంగా మింగితే వాటి మధ్య గీతే కనపడదు. సుద్దపొడి కలపని లక్కలో ఆ రాయి కొంచెమైనా తెలిసేది. సుద్దలో ఉండే కాల్షియం బాగా మింగుతుంది. మీరు తెచ్చిన ముద్దను కొలిచినా. ఇది మింగినంతే వజ్రమూ మింగుతుంది. పాలలో పడిన తెల్ల పూసలాగా అయిపోయింటుంది.”

“మరి మీరెట్లా చూస్తారమ్మా?”

“కిరణం వస్తువులోంచి పోయేటప్పుడు కొంచెం వంగుతుంది. చాలా కొంచెం. అది తెలియాలంటే సూదిమొనంత చోటు నుంచి పుట్టిన కిరణాలు కావాలి, వస్తువుకూ ఫిల్ముకూ మధ్య బాగా ఎడం కావాలి. ఎడం ఉంటే ఆ కొంచెం వంపు పోయి పోయి గీతగా పడుతుంది. దీన్ని ఫేజ్ కాంట్రాస్ట్ అంటాం.”

మొదట ప్రతి గాజునూ ఫిల్ముకు ఆనించి ఒక పటం తీసింది. తర్వాత దూరంగా పెట్టి ఇంకొకటి. ఫిల్ములు కడిగి దీపం ముందు తగిలించేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆనించి తీసిన పటాల్లో గాజులన్నీ ఒకేలా ఉన్నాయి. బూడిదరంగు ఉంగరాలు, వాటి మీద తెల్లటి అద్దం బిళ్ళలు. దూరం నుంచి తీసినవాటిలో మాత్రం లక్క లోపలంతా తెరుచుకుంది. మెదిపిన లక్క పొరలు ఏటి ఇసుక మీద అలల్లా ఉన్నాయి. చిన్న చిన్న గాలిబుడగలు నిద్రలో వచ్చే చుక్కల్లా తేలుతున్నాయి. ఒక గాజులో, నలపలకల బిళ్ళ అడుగున, బుడగ కానిది ఒకటి ఉంది. ఎనిమిది ముఖాలు, అంచులు కొంచెం ఉబ్బి, చుట్టూ వెంట్రుకంత వెలుగుగీతతో.

తిరుపాల్ ఆ పటం దగ్గరికి వంగాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “గులకరాయి కావచ్చు గదా? లేకుంటే పెద్ద బుడగ?”

“బుడగకు వెలుగుగీత లోపలి వైపు పడుతుంది, దీనికి బయటి వైపు ఉంది. అంటే చుట్టూ ఉన్న లక్క కంటే ఇది దట్టమైనది” అంది రిహానా. “ఇంక గులకరాయి, గాజు, ఇంకేదైనా దొంగరాయి అయితే, ఇంత గట్టిగా వంచేది ఇంతకంటే చాలా ఎక్కువ మింగేది. ఆనించిన పటంలో తెల్లగా పడేది. ఎంత మింగింది, ఎంత వంచింది, రెండూ కలిపి చూస్తే అదేం పదార్థమో తెలుస్తుంది. ఇంత దట్టంగా ఉండి, ఇంత తక్కువ మింగేది బొగ్గు జాతిదే. వజ్రమక్కా ఇది.”

నీలావతి ఆ పటాన్ని చాలాసేపు చూసింది. రాయి దొరికిన సంతోషం ఆమె ముఖంలో తిరుపాల్‌కు కనిపించలేదు.

ఆషాఢం మొదలైన మరుసటి రోజు, ధర్మవరంలో ఆ ఇంటి నట్టింట్లో అందరూ కూర్చున్నారు. మంచం మీద జయలక్ష్మమ్మ, పక్కన హరిత, స్తంభానికి ఆనుకుని రాణి, కుర్చీలో తిమ్మరాజు. గడప దగ్గర నేల మీద మాబున్నీ. నీలావతి కోరిక మీద ఎస్సై కూడా వచ్చాడు. పైకప్పు సందులో గాలి ఊళ వేస్తోంది.

హరిత చేతులకు లక్కగాజులు లేకపోవడం తిమ్మరాజు అప్పుడే చూశాడు. ఆ గాజులు నీలావతి ముందు పళ్ళెంలో ఉన్నాయి.

“హరితా, నీ గాజులకు ఎవరెవరు ఏ బిళ్ళ ఒత్తినారో గుర్తుందా?” అని అడిగింది నీలావతి.

“అవ్వ చందమామ. పిన్నమ్మ గుండ్రటిది. చిన్నాయన నలపలకలది.”

నీలావతి నలపలకల బిళ్ళ ఉన్న గాజు తీసి పక్కన పెట్టి, రిహానా తీసిచ్చిన దాని పటాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుంది. అందరూ దగ్గరికి జరిగి దాన్ని చూశారు. జయలక్ష్మమ్మ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

“రాయి ఈ ఇల్లు దాటి పోయింది హరిత చేతికే” అంది నీలావతి. “రహీమ్ తీయలేదు. రాణి మడిచిన గుడ్డను మడిచినట్టే పెట్టింది. అప్పటికే అందులో రాయి లేదు. అందరూ గాజులు చూస్తున్నప్పుడు గిన్నెలోంచి తీసి, ఖాళీ గుడ్డ మడిచి పెట్టి, అద్దం ఒత్తే వంకతో లక్కలోకి తోసి, మీద అద్దం కప్పేశారు. లక్క లోతుకు పోయి గాజు వంకర తిరిగింది. మాబున్నీ రెండుసార్లు దొర్లించాల్సి వచ్చింది.”

“బిళ్ళ గట్టిగా ఒత్తితే దొంగయిపోతాడా మేడమ్?” అన్నాడు తిమ్మరాజు మెత్తగా.

“కాడు. నాకు అనుమానం వచ్చింది మీ ఎక్స్‌రే వల్ల. గాజుల్లో రాయి వెతకాలనుకున్నవాళ్ళు పగలగొడదామంటారు, ఎస్సై గారు అన్నట్టు. ఇంక ఎవరూ వెతకకూడదనుకున్నవాళ్ళు ఎక్స్‌రే తీయిద్దామంటారు. కానీ అందులో రాయి పడదని ముందే తెలిసి ఉండాలి. రెండేళ్ళ కిందట బెంగళూరులో మన రాయి పక్కన గాజురాయి పెట్టి పటం తీస్తే మనది పడలేదని మీరే మీ అమ్మకు చెప్పినారు. అది వజ్రం అవునో కాదో చూసే ఎక్స్‌రే పరీక్ష. మీ అమ్మ దాన్ని వట్టి పటమే అనుకుంది, ఎక్స్‌రే అని ఈ ఇంట్లో తెలిసింది మీకొక్కరికే.”

నీలావతి పటాన్ని పళ్ళెం పక్కన పెట్టింది.

“పెళ్ళికూతురి గాజులు ఎవరూ పగలగొట్టరు. ఆషాఢంలో బిడ్డ పుట్టింటికి వస్తుంది. పాతవి తీసి కొత్తవి వేస్తారు. తీసినవి మీ చేతికొస్తాయి. అందుకే పెళ్ళానికి ఎప్పుడూ గాజులు కొనని మీరు ముందే కొని పెట్టుకున్నారు.”

తిమ్మరాజు కాదనలేదు. ఆ గాజు వైపే చూస్తూ, కలలో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

“నాకు ఎనిమిదేండ్లు. నాయన ముందర నడుస్తాండాడు. దాని మీద కాలు పెట్టి దాటుకోని పోయినాడు. నేను చూసినా. బురదలో చిన్న దీపం మాదిరి ఉన్నింది. తీసి కడిగి ఆయన చేతిలో పెట్టినా. అంతే. మళ్ళా ఎప్పుడూ అది నా చేతికి రాలే. నాకు దొరికింది అన్నాడు ఊర్లో అందరితో. పోతా పోతా ఆడబిడ్డకు అన్నాడు. అమ్ముకోవాలని కాదమ్మా. ఒకసారన్నా అది నాదిగా ఉండాలని.”

జయలక్ష్మమ్మ కొడుకు వైపు తిరిగింది. “ఒక్క మాట నాకు చెప్పింటే ఏమిరా?”

“చెప్పినా. ఆ పొద్దే చెప్పినా. నువ్వు రొట్టెలు కాలుస్తాండావు. సరేలేరా, పోయి కాళ్ళు కడుక్కో అన్నావు.”

ఆమె ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదని ఆమె ముఖంలోనే తెలిసింది.

“మీ మాట ఎవరూ వినలేదని ఇన్నేళ్ళు కుమిలిపోయినారు” అంది నీలావతి. ఆమె గొంతులో జాలి ఉంది గానీ మెత్తదనం లేదు. “రహీమ్ నేను తీయలేదు అని ఈ ముంగిట్లోనే మొత్తుకున్నాడు. ఆ మాట నిజమని తెలిసినవాళ్ళు మీరొక్కరే. మీరూ వినలేదు.”

తిమ్మరాజు తల వంచుకున్నాడు. రాణి కొంగు నోట్లో కుక్కుకుంది.

జయలక్ష్మమ్మ గడప వైపు తిరిగింది. “మాబున్నీ, పగలకుండా తీయగలవా?”

మాబున్నీ కుంపటి రాజేసింది. ఆ ఒక్క గాజునూ నిప్పుకు దూరంగా తిప్పి తిప్పి మెత్తబరిచింది. అద్దం ఎత్తి, సన్నటి పుల్లతో లక్కను పక్కకు జరిపింది. రాయి బయటికి వచ్చింది. చూడడానికి మంచుగడ్డ ముక్కలా ఉంది, అంతే. ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వకుండా నేల మీద పెట్టి, ముందు గాజును మూసి, అద్దం అతికించి, నున్నగా దొర్లించింది.

హరిత వంగి రాయి తీసుకుంది. ఎస్సై లేచి నిలబడినా అడ్డుపడలేదు. ఆమె చిన్నాయన దగ్గరికి వెళ్ళి, ఆయన చెయ్యి తెరిచి, అరచేతిలో ఆ రాయి పెట్టింది.

“చూసుకో చిన్నాయనా” అంది.

తిమ్మరాజు చూసుకున్నాడు. బయట ఏ మగ్గమో ఆగి, మళ్ళీ మొదలయ్యేంతసేపు. తర్వాత తానే తీసి ఎస్సైకి ఇచ్చి, చెప్పులు వేసుకున్నాడు.

రహీమ్‌ను వదిలేసిన రోజు నీలావతి, తిరుపాల్ పెనుకొండ వెళ్ళారు. కొండకింద ఆ ఇంటి ముందు ఒక కారు ఆగి ఉంది. జయలక్ష్మమ్మ దిగి, గాలికి కొంగు ఎగరకుండా పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆమె రాలేదు.

రహీమ్ బస్సు దిగి నడిచి వచ్చాడు. మనిషి సన్నబడ్డాడు. ఆమెను చూసి ఆగాడు.

“నిన్ను దొంగ అన్నవాళ్ళలో నేను గూడా ఉండానప్పా” అంది జయలక్ష్మమ్మ. “ఆ మాట ఎట్ల వెనక్కి తీసుకోవాలో నాకు తెలీడం లేదు. ఇంట్లో కూర్చోని చెప్తే సరిపోదని వచ్చినా.”

అతను తల్లి నిలబడ్డ గుమ్మం వైపు చూశాడు. “వచ్చినారు, సరే అవ్వా. నేను మీ ఇంటికి మళ్ళా రాను. మా అమ్మ వస్తే అది ఆమె ఇష్టం” అన్నాడు. అందులో కోపం లేదు. ఆమె తల ఊపి, కారెక్కింది.

కారు మలుపు తిరిగేదాకా మాబున్నీ గుమ్మంలోంచి కదలలేదు. తర్వాత వచ్చి కొడుకు ముఖం చూడలేదు, రెండు చేతులూ పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ ఒత్తి చూసింది.

“కాయలు పోయినాయి గదరా” అంది. “మెత్తబడినాయి.”

“మళ్ళా కాస్తాయిలేమ్మా” అన్నాడు రహీమ్. “కుంపట్లో బొగ్గులుండాయా?”